కేస్‌షీటులో నా దస్తూరీ

పక్కింటి వరలక్ష్మి పిన్నిగారికి,

ఈ రోజు మీ తద్దినం. మా ఆస్పత్రిలో పాత కేస్‌షీట్లకు నంబర్లిచ్చి కంప్యూటర్లో ఎక్కిస్తున్నాం. మీది నా చేతికే వచ్చింది. నడిచి వెళ్తున్న మనిషిని వ్యాను గుద్దితే ఒక నంబరు, తనంతట తాను పడిపోతే ఇంకో నంబరు. కాగితం మీద ఉన్నదాన్ని బట్టే ఇవ్వాలి. కాగితం మీద "కళ్ళు తిరిగి పడ్డారు" అని ఉంది, నా దస్తూరీతో.

ఆ రోజు స్ట్రెచర్ మీద నా చెయ్యి పట్టుకుని చెప్పారు మీరు. "నేను పడలేదు బాబూ, వ్యాను గుద్దేసింది." ఆ తర్వాత మీరు మాట్లాడలేదు. ఆ మాట విన్నది నేనొక్కణ్ణే. మిమ్మల్ని గుద్ది, తనే ఆస్పత్రికి తెచ్చిన వ్యాను డ్రైవరు ఆ మాట రాయొద్దని దండాలు పెట్టాడు. యాక్సిడెంటని రాస్తే పోలీసులకు కబురు పెట్టాలి, కోర్టుకి సాక్ష్యానికి తిరగాలి. బద్ధకించాను.

ఇవాళ కూడా పడిపోయిన నంబరే కొట్టాను.

సాయంత్రం మీ కోడలు పద్మ గారెలు తెచ్చింది. "ఖాళీ కడుపుతో బజారుకి పంపానని, అందుకే కళ్ళు తిరిగాయని మావాళ్ళు ఇప్పటికీ అంటారండి. ఆ పూట అత్తయ్యగారు రెండట్లు తినే వెళ్ళారండి" అంది.

గారెలు బావున్నాయమ్మా అన్నాను.