అక్కకి సాస్కియా, నాకు వేన్‌స్ట్రా

నవంబర్ 4, మంగళవారం

అయినా ఇది అన్యాయం కాకపోతే ఏంటి. మారిట్ అక్కకేమో సాస్కియా, నాకేమో వేన్‌స్ట్రా మేడం.

పోయిన చలికాలం ఆస్పత్రి నుంచి వచ్చినప్పటి నుంచీ అక్క పేరు సైకాలజిస్ట్ వెయిటింగ్ లిస్టులోనే ఉంది. గ్రోనింగెన్‌లో సగం ఊరు ఆ లిస్టులోనే ఉన్నట్టుంది. ఆగలేక అమ్మ ఎవరినో అడిగి సాస్కియాని పట్టుకుంది. ఆవిడ లైఫ్ కోచ్. ఇంటి కిటికీకే బోర్డు. లోపల కొవ్వొత్తులు, సోఫా మీద కుక్క. టైం అయిపోయినా పంపించదట. వెళ్ళేటప్పుడు వాటేసుకుంటుందట. నీలాంటి అమ్మాయిని ఇంతవరకూ చూడలేదు అందట.

నాకు క్లాసులో ఊపిరి ఆడనట్టవుతుంది. అందుకని స్కూల్ సైకాలజిస్ట్ దగ్గరికి పంపారు. వేన్‌స్ట్రా గదిలో టిష్యూ డబ్బా, గోడ గడియారం, అంతే. మొదటి రోజే చెప్పేసింది. నువ్వు చెప్పేవన్నీ ఈ గదిలోనే ఉంటాయి, కానీ ఎవరి ప్రాణానికైనా ప్రమాదం అనిపిస్తే మాత్రం దాచను, ముందు నీకు చెప్పే బయట చెబుతాను అని. ఫ్రెండ్ అయ్యే మొహమేనా అది.

ఇవాళ అడిగేశాను, మీ దగ్గరికొచ్చే వాళ్ళలో నేను స్పెషలా అని. కాకపోతే ఏమవుతుందని నీ భయం అంది. ఒక్క మంచి మాట ఊరికే ఇవ్వదు.

నవంబర్ 7, శుక్రవారం

అక్క ఫోన్ నిండా సాస్కియా పంపిన హార్ట్‌లు. నా ఫోన్లో వేన్‌స్ట్రా నంబరే లేదు.

నవంబర్ 9, ఆదివారం

ఎవరికీ చెప్పకూడదు. అందుకే రాస్తున్నా.

అక్క ఆస్పత్రి వాళ్ళిచ్చిన మాత్రలు మానేసింది. పళ్ళు తోముకుంటూ చెప్పింది, అదేదో మామూలు సంగతైనట్టు. మాత్రలు నీ అసలు మనసుకి అడ్డుగోడ అని సాస్కియా చెప్పిందట. డాక్టర్‌కి చెప్పకు, వాళ్ళకి మందులు రాయడం తప్ప ఏం తెలుసు అందట. రోజూ పొద్దున మాత్ర సింకులో పడేస్తోందట. నిద్ర పట్టడం లేదట, అది మంచి గుర్తేనట. అమ్మతో అన్నావంటే చంపేస్తా చూడు అని నవ్వింది.

ఇంకోటి కూడా చెప్పింది. నువ్వు బాగుపడుతుంటే దగ్గరివాళ్ళే ఓర్వలేరు, ముందు మీ చెల్లి హిల్కేనే చూసుకో అందట సాస్కియా.

నా మొహం మండిపోయింది. ఎందుకంటే నిజం. నాకు కుళ్ళే. ఇప్పుడు నేను నోరు విప్పితే అది కుళ్ళుతో చెప్పిన చాడీ అవుతుంది. నాక్కూడా అలాగే అనిపిస్తోంది.

నవంబర్ 11, మంగళవారం

వేన్‌స్ట్రాకి మాత్రల సంగతి చెప్పలేదు. అక్క పుట్టినరోజుకి రమ్మని పిలిచాను. సాస్కియా వస్తోంది కదా, నావైపూ ఒకరుండాలి. పిలిచినందుకు సంతోషం కానీ రాను అంది. మీ ఇంట్లో కేక్ తిని వచ్చాక, మీ ఇంటి వాళ్ళని నా దగ్గర ఎలా తిట్టుకుంటావు అంది. నాకు నవ్వు రాలేదు. వచ్చే వారం ఎగ్గొట్టేద్దామనుకుంటున్నా.

నవంబర్ 15, శనివారం

కుర్చీలన్నీ గుండ్రంగా వేశాం. వచ్చినవాళ్ళు ఎప్పటిలాగే వరసగా ఇంట్లో అందరికీ షేక్‌హ్యాండ్ ఇచ్చారు. మనవరాలి పుట్టినరోజుకి శుభాకాంక్షలు అని మా బామ్మ ఓమాకి, అక్క పుట్టినరోజుకి శుభాకాంక్షలు అని నాకు. సాస్కియా వచ్చి అక్క పక్క కుర్చీలో కూర్చుంది. ఎప్పుడూ అక్కడ కూర్చునేది నేను. అమ్మకి షేక్‌హ్యాండ్ ఇచ్చి, నాక్కూడా శుభాకాంక్షలు చెప్పాలి మరి, ఇప్పుడు మారిట్ నా కూతురు కూడా అంది. అమ్మ నవ్వలేక నవ్వింది.

ఓమా కాఫీ కలుపుకుంటూ, ఎక్కడ చదువుకున్నావమ్మాయ్ అని అడిగింది. జీవితమే నా కాలేజీ అంది సాస్కియా. మా పళ్ళ డాక్టర్ ఆ మాట అనలేదు, బతికిపోయాను అంది ఓమా.

తర్వాత సాస్కియా నా చెయ్యి పట్టుకుని, స్కూల్లో బాత్రూంలో దాక్కుంటావట కదా, పాపం, నువ్వూ నా దగ్గరికి రా అంది. కుర్చీలన్నీ నావైపు తిరిగాయి. అది నేను ఇంట్లో అక్కకి తప్ప ఎవరికీ చెప్పలేదు. అక్క ఆవిడకి చెప్పుకుంది, సరే. ఆవిడ అందరికీ చెప్పింది. వేన్‌స్ట్రాకి అంతకంటే చాలా తెలుసు. ఒక్కటీ ఎక్కడా వినపడలేదు.

అయినా నా దగ్గరికి రా అన్నప్పుడు, ఒక్క క్షణం వెళ్ళిపోదామనిపించింది. సిగ్గులేదు నాకు.

నవంబర్ 17, సోమవారం

అక్క బాత్రూం నేల మీద కూర్చుని ఉంది. లేవలేనంది. పోయిన చలికాలం కూడా ఇలాగే మొదలైంది. సాస్కియాకి ఫోన్ చేస్తే, ఏడువు, లోపలున్నదంతా బయటికొస్తోంది అందట.

నవంబర్ 18, మంగళవారం

చెప్పేశాను.

వేన్‌స్ట్రా గదిలో కూర్చోకముందే, నేనిది కుళ్ళుతో చెబుతున్నాను, అది గుర్తుపెట్టుకుని వినండి అన్నాను. అంతా వింది. నీకు కుళ్ళు ఉంది, అది నిజమే, కానీ మీ అక్క మాత్రలు మానేసిందన్నది కూడా నిజమే కదా అంది. దీన్ని నేను దాచలేను, ఇప్పుడే మీ అమ్మకి ఫోన్ చెయ్యాలి, నువ్వు మాట్లాడతావా, నన్ను మాట్లాడమంటావా అని అడిగింది. మీరే అన్నాను.

నన్ను బయటికి పంపకుండా నా ఎదురుగానే మాట్లాడింది. సాస్కియాని ఒక్క మాట అనలేదు. నేనైతే అనేదాన్ని. మాత్రలు మళ్ళీ ఎలా మొదలుపెట్టాలని అమ్మ అడిగినట్టుంది, అది నాకు తెలియదు, డాక్టరే చెప్పాలి, ఇవాళే తీసుకెళ్ళండి, తనని ఒంటరిగా వదలకండి అంది.

నాకు తెలియదు అన్న మాట సాస్కియా ఎప్పుడైనా అందేమో అక్కని అడగాలి. అక్క నాతో మాట్లాడితే.

నవంబర్ 19, బుధవారం

అక్క మెట్ల మీద ఎదురైంది. కుళ్ళుమోతు అంది. అంతే.

అమ్మ పరుపు కూడా అక్క గదిలోకి మారింది. నాకు దానిక్కూడా కుళ్ళే.

నవంబర్ 22, శనివారం, సాయంత్రం

అక్క మాత్రలు వేసుకుంటోంది. డాక్టర్ రోజూ ఫోన్ చేసి కనుక్కుంటోంది. ఇవాళ అక్క సూప్ మొత్తం తాగింది. నాతో మాత్రం

ఎవరో తలుపు కొడుతున్నారు. అమ్మయితే కొట్టకుండానే వస్తుంది.

అక్క. సోమవారం డాక్టర్ దగ్గరికి నాతో నువ్వు రా, అమ్మ అక్కర్లేదు అని బయటినుంచే అంటోంది. చచ్చావా ఏంటి, తలుపు తియ్యవే అంటోంది. ఈ కాగితాలు పరుపు కిందకి