అక్క పట్టిన ప్యాడ్

ఆదివారం, రాత్రి

కిక్‌ల బలం కాలుతోని రాదు, నడుముతోని వస్తదని మా కరాటే సార్ చెప్తనే ఉన్నడు. ఇయ్యాల పొద్దుగాల మిద్దె మీద ప్రాక్టీస్ చేద్దామని, నిన్న బార్డోలీల అత్తగారింటి నుంచి వచ్చిన అక్కను, కిక్‌లు కొట్టే మెత్తటి ప్యాడ్ పట్టుకొమ్మన్న. నవ్వుకుంట వచ్చింది.

నేనింక కొట్టనే లేదు. కాలు లేపిన, అంతే. అక్క ప్యాడ్ ఇడిచిపెట్టి, రెండు చేతులు మొకానికి అడ్డం పెట్టుకొని గోడకు ఒదిగి కూసున్నది. "ఇగ చాలు, కొట్టకు" అన్నది. ఆ మాట నాతోని అన్నట్టు లేదు.

"బావ కొడుతుండా?" అని అడిగిన.

"జర మెల్లగ మాట్లాడు. అమ్మ ఇంటది."

"నేనొస్త నీతోని. ఆయన సంగతి చూస్త."

"ఒక్క దినం కొట్టి నువ్వొస్తవ్. తెల్లారి ఆ ఇంట్ల ఉండేది నేను గదా."

కిందపడ్డ ప్యాడ్ తీసి గోడకు ఆనించిన.

సాయంత్రం బస్టాండుల అక్క చెయ్యి గట్టిగ పట్టుకొని పోవద్దన్న. "నా పిల్లగాడు ఆయన తాననే ఉన్నడే" అన్నది. నా చెయ్యి దానంతట అదే వదులైంది. బస్సు కదిలినంక కిటికీలకెల్లి నవ్వింది కూడా. ఆ నవ్వు చూడలేకపోయిన.

పోలీసులకు చెప్తే బావ పిల్లగాడిని ఏం చేస్తడో. చెప్పకపోతే అక్కను...

ఇంటికొచ్చినంక అమ్మ రొట్టెలు చేసుకుంట అడిగింది, "అక్క మంచిగ పోయిందా?"

పోయిందన్న.