లక్ష్మక్క చెత్త సంచి

మంగళవారం రాత్రి

ఎన్నో ఫిర్యాదుల తర్వాత మున్సిపాలిటీ వాళ్లు ఇవాళ పొద్దున మా గల్లీ మలుపులోని చెత్తకుప్పను ఎత్తేశారు. మళ్లీ ఎవరైనా వేస్తే పేరు చెప్పమనీ, జరిమానా వేస్తామనీ సఫాయి పనివాళ్ల మేస్త్రీ అయిన ముకద్దం నాకు చెప్పి వెళ్లాడు.

సాయంత్రానికి అక్కడే సంచి పెడుతూ పక్కింటి లక్ష్మక్క కనబడింది.

"ఏందక్కా, పొద్దుగాలనే గద సాఫ్ చేసిండ్రు," అన్నాను.

"చెత్త గాడి వచ్చే యాళ్లకు నేను కార్ఖానల ఉంట. ఉన్నదే ఒక్క ఖోలీ, వంటా పడకా ఆ గదిలనే. చెత్త పక్కన పెట్టుకొని పండాల్నా చెల్లె?"

రేపటి నుంచి నాకివ్వు, నేనే బండిలో వేస్తానన్నాను. ఆమె సంచి ఇంట్లోకి తీసుకుపోయింది.

గల్లీలో సగంమంది ఆమెలాంటి వాళ్లే. ఎందరి సంచులని మోయను? నాకూ ఓపిక లేదు.

రేపు ముకద్దం పేరడిగితే, బండిని సాయంత్రం కూడా పంపమని అడగాలి. వింటాడో లేదో...