సలాం చేసిన చెయ్యి

సిద్దిపేట, మే 1991, మంగళవారం

ఇయ్యాల దవాఖానల జరిగింది తల్సుకుంటే ఇంకా వింతగనే ఉంది. పక్షవాతమొచ్చిన టైలర్ మహబూబ్ సాబ్‌తోని నెల సంది కసరత్తు చేపిస్తున్న. "చెయ్యి లేపున్రి చాచా" అంటే కుడి చెయ్యి తొడ మీదికెల్లి కదలది. ఫిజియోథెరపీకని నాకిచ్చిన జాగనేమో మందుల డబ్బాలు పెట్టే అర్ర. కిటికీ లేదు. ఉక్కపోతకు తలుపు తెరిచే పెడ్త. అటు పోయేటోళ్లందరు తొంగి చూస్తరు.

పొద్దుగాల అట్లనే ఒక ముసలాయన ఆగి, "సలాం, మహబూబ్ భాయ్" అన్నడు. చాచా కుడి చెయ్యి ఛాతీ దాంక లేచింది! పక్కనే ఉన్న చాచా భార్య రహ్మత్‌బీ "యా అల్లా" అనుకుంట ఏడ్చింది.

"మళ్ల లేపున్రి చాచా" అన్న. లేవలే.

"నేను లేపలే బిడ్డా, అదే లేచింది" అన్నడు.

నేను చెప్తే విననిది సలాంకు ఎట్ల విన్నది? కావాలని లేపితే లేవని చెయ్యి అలవాటు కొద్ది దానంతటదే లేస్తదని చదువుకున్న గని, కండ్లార చూసుడు ఇదే మొదలు.

మధ్యాహ్నం పెద్ద డాక్టర్ పిలిచి, "నీకు మేడ మీద రూం ఇస్తున్నం. ఫ్యాన్ ఉంది, తలుపేసుకొని పని చేస్కో" అన్నడు. ఏడాది సంది నేను అడుగుతున్నదే.

"నా పేషెంట్లు మెట్లెట్ల ఎక్కుతరు సార్?"

"ఎక్కుడు కూడ కసరత్తే గద" అని నవ్విండు. నాకు నవ్వు రాలే.

రేపు ఆ రూం వద్దనే చెప్త. దానికి బదులు వరండాల ఒక బెంచీ వేయించమంట. మహబూబ్ సాబ్‌ను దాని మీద కూసోబెట్టాలె. వచ్చేటోళ్లు, పోయేటోళ్లు పలకరిస్తుంటే ఆ చెయ్యి ఏం చేస్తదో...