దివాకర్ గారి బీపీ రీడింగులు

కాపెల్ (టెక్సస్), సోమవారం

సిస్టర్ అనురాధ గారికి నమస్కారాలు.

మొన్న మీ క్లినిక్‌లో నా బీపీ 158/94 వచ్చింది. తెల్లకోటు చూస్తేనే నాకు దడ, అది లెక్కలోకి రాదు. ఇంట్లో కొలిచి మీ వెబ్ పోర్టల్‌లో రాయమన్నారుగా, ఇవిగో: 162/96, 160/98, 164/96. కొత్త మిషనే, కానీ పాడైంది పంపినట్టున్నారు.

ఇట్లు, దివాకర్

తా.క. టాబ్లెట్ మొదలైతే ఆవకాయ మానాలా? ఊరికే అడుగుతున్నాను.

*

దివాకర్ గారూ, నమస్తే.

మిషన్‌ని తిట్టేముందు పద్ధతి చూద్దాం. అరగంట ముందు నుంచి కాఫీ వద్దు. బాత్రూమ్‌కి వెళ్లొచ్చి, వీపు ఆనించి, పాదాలు నేలమీద పెట్టి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. చెయ్యి గుండె ఎత్తున టేబుల్ మీద ఉండాలి. పట్టీ బట్టమీద కట్టకండి.

అనురాధ

తా.క. ఆవకాయ సంగతి డాక్టర్‌ని అడగండి. మాదీ మీ తెనాలే, నన్ను ఇరికించకండి.

*

అనురాధ గారూ,

అన్నీ పాటించాం. మూడు రోజులూ 160కి తగ్గలేదు. మౌనం మాత్రం కష్టం. మూడో నిమిషంలోనే "పప్పు మాడుతోంది, లేస్తా" అనే మాట వచ్చేస్తోంది.

దివాకర్

తా.క. గాజులు తీయాలా?

*

దివాకర్ గారూ,

రీడింగులు నిజంగానే ఎక్కువ. శుక్రవారం పదింటికి రండి, డాక్టర్ మందు గురించి మాట్లాడతారు.

అనురాధ

తా.క. గాజులు అడ్డం రావు. కానీ మీకు గాజులెందుకున్నాయండీ?

*

అనురాధమ్మా,

తప్పు ఒప్పుకుంటున్నాను. ఆ చెయ్యి మా ఆవిడ నమ్రతది. ముప్పై ఏళ్లలో ఒక్కరోజూ ఒంట్లో బాలేదని పడుకోని మనిషి. ఆమె నంబర్లు నావని పంపితే మందు తప్పుతుందనుకున్నాను. అర్ధాంగి కదా, ఒక చెయ్యి వాడుకుంటే ఏమవుతుందిలే అనుకున్నాను. ఎక్కువ వస్తే మిషన్‌నే అనుమానించాను గానీ ఆమెను కాదు.

మీ ఉత్తరం చూశాక పట్టీ నా చేతికి కట్టాను. రెండుసార్లూ 124/78. మిషన్ బాగానే ఉంది. అంటే ఆ 160లు నిజంగా ఆమెవే. తలనొప్పి లేదు, కళ్లు తిరగవు, నాకేంటండీ అంటోంది ఆమె.

శుక్రవారం అపాయింట్‌మెంట్ నమ్రత పేరుకి మార్చండి. ఇన్నేళ్లూ నావన్నీ ఆమే బుక్ చేసింది. ఆమెది ఎవరూ బుక్ చేయలేదు.

దివాకర్

తా.క. అపాయింట్‌మెంట్ ఫామ్‌లో ఆమెకు ఏ మందులు పడవో అడిగారు. నాకు తెలియలేదమ్మా. వంటింట్లోకి వెళ్లి ఆమెనే అడిగాను. ఆమె చెప్పి, నాకు పడనివి కూడా వరసగా చెప్పింది.