మూడో కిటికీలో తెగిన టికెట్టు

డైరెక్టర్ వుకెలిచ్ గారికి,

రేసు మైదానంలో ఉద్యోగం చేస్తూ, నా కిటికీలోనే పందెం టికెట్టు కొనుక్కుని లాభపడ్డానని తమరు నోటీసు ఇచ్చారు. ఇది నా సంజాయిషీ.

జనం రావాలని తమరు మొన్న ఆదివారం గేటు రుసుము ఎత్తేసి, చిక్కుడుగింజల పులుసు ఉచితమన్నారు. రెండువేల మంది వచ్చారు. మొదటి రేసు పూర్తయ్యేలోపే పులుసు అయిపోయింది. నా కిటికీ దగ్గరికి వచ్చింది బ్లాగొయె తాత ఒక్కడే.

"పందెమా తాతా?" అన్నాను.

"పందెం ఫోన్లో కాశాలే, ఇటలీ ఫుట్‌బాల్ మీద. చెంచా ఉందా తల్లీ?" అన్నాడు.

వరసగా మూడు ఆదివారాలు టికెట్టు తెగని కిటికీ మూసేయాలన్నది తమరి ఉత్తర్వే. మిగతా రెండు కిటికీలూ అలాగే మూతపడ్డాయి. నాకది మూడో ఆదివారం. అందుకే ఆఖరి రేసులో విష్న్యా అనే గుర్రం మీద వెయ్యి దీనార్లు కాశాను. అది గెలిచింది.

ఇక లాభం సంగతి. మనం ఓడినవాళ్ల డబ్బే గెలిచినవాళ్లకు పంచుతాం. ఆ రోజు కాసింది నేనొక్కదాన్నే కాబట్టి ఓడినవాళ్లు లేరు. నా వెయ్యిలోంచి క్లబ్బు వాటా మినహాయించి, ఏడువందల యాభై నాకు నేనే లెక్కపెట్టి ఇచ్చుకున్నాను.

ఒక తప్పు మాత్రం ఒప్పుకుంటున్నాను. విష్న్యా గెలవగానే కిటికీలోంచి తల బయటపెట్టి కేకలేశాను. అది విని దాని జాకీ స్రెచ్కో గుర్రాన్ని ఇటు తిప్పుకుని వచ్చాడు.

"ఎవరమ్మా, నా మీద కాసింది?" అన్నాడు.

"చాలామందే" అన్నాను.

తమరు నన్ను తీసేస్తే, వచ్చే ఆదివారం తమరే ఒక టికెట్టు కొనండి. అతను మళ్లీ అడుగుతాడు.

మూడో కిటికీ గుమాస్తా