పదిహేడో నంబరు పిస్తోలు

బ్రేషా, మార్చి 1958

ఆయుధ ప్రదర్శనశాల అధికారి, పండితులు ఎలిజెయో గారికి దొమితిల్లా నమస్కారాలు.

మా తాత కల్లిస్తో గారి పిస్తోలు ఫొటోలు పంపుతున్నాను. తూటాలను తానే ఎక్కించుకునే రకం. మీ గార్దోనె లోయలోని బొన్‌ఫాదిని కార్ఖానాది, నంబరు పదిహేడు. అంటే 1915 నాటి తొలి ఇరవై పిస్తోళ్లలోదన్నమాట! 1918లో పియావె నది ఒడ్డున ఆయన ఆస్ట్రియా వాళ్లను తరిమింది దీంతోనే. ఈస్టర్ ప్రదర్శనలో ఆయన పేరుతో పెట్టించండి. లేకపోతే ఆయన్ని కోతలరాయుడనే మా అత్తగారే గెలుస్తుంది.

ఇట్లు,
దొమితిల్లా

తా.క. గుమ్మం పక్కన కాదు, ఎదురుగా.

*

గార్దోనె

శ్రీమతి దొమితిల్లా గారికి ఎలిజెయో ఆశీర్వదించి వ్రాయునది.

ఫొటోలోని సేఫ్టీ మీటను బొన్‌ఫాదిని 1923కు ముందు ఎరుగడు. పిడికి కొమ్ము పలకలున్నవి. తొలి పిస్తోళ్లకు అక్రోటు చెక్క. 1918లోనే దీనిని ధరించిన తమ తాతగారు ప్రవక్తల కోవలోనివారు. యెషయా గ్రంథమంతా వెదికితిని, వారి పేరు కానరాలేదు. ఇక నంబరు. ఈ లోయలో అది అపశకునము. బొన్‌ఫాదిని పదహారు తరువాత పద్దెనిమిదే కొట్టినాడు. కనుక ఇది నకిలీ. శాస్త్రములు చదివిన నాకు శకునముల పట్టింపు లేదు. అయినను ఆ అంకెను వ్రాయుటకు నా కలము ఒప్పుకొనుట లేదు.

ఇట్లు,
ఎలిజెయో

తా.క. ఆస్ట్రియనులు పారిపోయిన మాట నిజమే. తమ తాతగారిని చూచి కాదు.

*

బ్రేషా

ఎలిజెయో గారికి,

నకిలీయా? మీ కళ్లద్దాలే నకిలీ! మీ ఉత్తరం చదివిన ఆనందంలో మా అత్తగారు పొలెంతా సంకటి మూడుసార్లు వడ్డించుకుంది. నేను ఉక్రోషంతో పిడి పలక విప్పాను. లోపల ఇలా చెక్కి ఉంది: "పన్నుల అధికారి కల్లిస్తోకు, లోయ ఎన్నటికీ మరువని మనిషికి, బొన్‌ఫాదిని స్వహస్తాలతో, 1923." ఇప్పుడేమంటారు? పియావె కథను తాతే కాస్త సాగదీశాడేమో, పోనివ్వండి. యజమాని తన చేత్తో ఇచ్చిన కానుక ఇది!

కోపంతో,
దొమితిల్లా

తా.క. ఆయనకు బదిలీ అయిన రోజున లోయంతా చర్చి గంటలు మోగించారట. అంత అభిమానం!

*

గార్దోనె

అమ్మా దొమితిల్లా,

పొరబడితిని. పిస్తోలు అసలైనది, నంబరు అంతకన్న అసలైనది. ఎనిమిదేండ్లు ఆ అంకెను ఖాళీగా ఉంచి, బొన్‌ఫాదిని దానికి తగిన పాత్రుని కొరకు వేచియున్నాడు. తమ తాతగారు పన్ను పెంచిన యేట దొరికినారు. నంబరు 1915 అనును, మీట 1923 అనును; రెంటిని కలిపినది పగ. ఇంతటి నిఖార్సైన వస్తువును గుమ్మానికి ఎదురుగానే పెట్టెదను, పేరుతో సహా, కారణముతో సహా.

సంతోషముతో,
ఎలిజెయో

తా.క. గంటల సంగతియు వ్రాయించమందురా?

*

బ్రేషా

ఎలిజెయో గారూ,

వ్రాయించండి. పక్కనే ఇది కూడా: కానుక అందుకున్న కల్లిస్తో ఎనభై నాలుగేళ్లు బతికి, నిద్రలో హాయిగా పోయాడు. ఇచ్చిన బొన్‌ఫాదిని మాత్రం ఇచ్చిన వారమే తన కార్ఖానా మెట్ల మీంచి జారిపడి చచ్చిపోయాడు. ఈ మాట చెప్పగానే మా అత్తగారి చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

పిస్తోలు పార్శిల్ చేశాను. అరువు మాత్రమే సుమండీ, కానుక కాదు.

ఇట్లు,
కల్లిస్తో మనవరాలు

తా.క. మీకు వద్దనిపించిన రోజున తిరిగి నా చేతికి ఇచ్చేయండి. ఇచ్చినవాడికి ఏమైందో పైన రాశాను.